నల్లమలలో రోడ్లు బాగుచేయండి, వెడల్పు చేయకండి: అటవీ, రహదారుల అధికారులకు బహిరంగ లేఖ

నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ ఫీల్డ్ డైరెక్టర్ గారికి, మార్కాపురం డివిజన్ అటవీ అధికారులకు, జాతీయ రహదారులు, రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్ శాఖల ఇంజనీర్లకు,

నమస్కారం.

దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు గురించి, ఆ రోడ్డు మీద నుంచి అడవి లోపలికి చీలే మట్టి బాటల గురించి ఈ లేఖ రాస్తున్నాను. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. మాది దోర్నాల మండలం. రోడ్డు ఎక్కడ తెగుతుంది, ఎందుకు తెగుతుంది, ఏం చేస్తే నిలుస్తుంది అనేవి ఉద్యోగంలో నేర్చుకున్నాను. అడవి గురించి తెలిసిందంతా ఇక్కడి చెంచులు, వాచర్లు చెప్పిందే. ఈ రెండూ కలిపి మీ ముందు ఒకే మాట పెడుతున్నాను. నల్లమలలో రోడ్లు బాగుచేయండి, వెడల్పు చేయకండి. నిధులు వచ్చినప్పుడు మొదటి రూపాయి లోపలి దారులకు పెట్టండి, ఆ తరువాతే పై ఘాట్ రోడ్డుకు రండి.

వరుస సెలవులు వచ్చి ఘాట్‌లో వాహనాలు ఆగిపోయినప్పుడల్లా ఈ రోడ్డును నాలుగు వరుసలు చేయాలన్న డిమాండ్ లేస్తుంది. తెలంగాణ వైపు అమ్రాబాద్ అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన వచ్చాక ఆ డిమాండ్ ఇంకా పెరిగింది. ఆ పని జరిగితే హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి వచ్చే బండ్లు పెరుగుతాయి. వాటిలో చాలా బండ్లు కొండ దిగి మన దోర్నాల మీదుగానే మార్కాపురం, ఒంగోలు, నెల్లూరు వైపు పోతాయి. అంటే అవతలి ఒడ్డున తీసుకునే నిర్ణయం బరువు ఇవతల మన ఘాట్ మీద పడబోతోంది. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి. డీపీఆర్ (పని వివరాలన్నీ ఉండే ప్రాజెక్టు నివేదిక) తయారై, టెండర్ పిలిచాక చెప్పే మాటకు విలువ ఉండదు.

ఇది ఎలాంటి అడవో మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లోకి తీసుకున్నారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌గా వేరుపడింది. ఇవతల మనకు మిగిలిన సుమారు 3,296 చదరపు కిలోమీటర్లే పులుల అభయారణ్యాల్లో దేశంలోకెల్లా పెద్దది. 2018 గణనలో రాష్ట్రంలో 48 పులులు ఉంటే 2022 గణనకు 63 అయ్యాయి. వాటిలో అత్యధిక భాగం ఈ నల్లమలలోనే తిరుగుతున్నాయి. గిద్దలూరు వైపు దిగువమెట్ట అడవుల మీదుగా గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం దాకా, ఇంకా దక్షిణాన శేషాచలం దిశగా పులి నడవడానికి దారి ఉందంటే ఆ మొదలు మన దగ్గరే. పశ్చిమ ప్రకాశం అనగానే కరువు, ఫ్లోరైడ్ నీళ్లు, వలసలు గుర్తొస్తాయి అందరికీ. దేశం మొత్తం మీద ముందు వరుసలో నిలబడగల సంపద మనకు ఒకటి ఉందంటే అది ఈ అడవి.

ఇక రోడ్డు సంగతి. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. కాగితాల్లో ఇది హైదరాబాద్ నుంచి శ్రీశైలం, దోర్నాల మీదుగా తోకపల్లి దాకా వచ్చే జాతీయ రహదారి 765లో భాగం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూస్తారు. ఆ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కర్ణాటకలో బందీపూర్ మీదుగా పోయే జాతీయ రహదారి మీద 2009 నుంచి ఇదే వేళల్లో వాహనాలు ఆపుతున్నారు. అక్కడ రెండు రాష్ట్రాల వ్యాపారం ఆ రోడ్డు మీద నడుస్తుంది, అయినా నిలబెట్టుకున్నారు. మన దగ్గర పోయేది ఎక్కువగా దర్శనానికి. మల్లన్న దర్శనం ఉదయం 6 తరువాత బయలుదేరినా దొరుకుతుంది.

ఈ 50 కిలోమీటర్లలో అసలు ఇబ్బంది ఇరుకు కాదు, నీళ్లు. మార్కాపురం పలకలకు పేరుపడ్డ ఊరు కదా, ఆ పలకరాయి కుటుంబానికి చెందిన రాయే ఈ కొండల్లో చాలా చోట్ల ఉంది. పొరలు పొరలుగా ఉంటుంది. కొండను నిలువుగా కోస్తే ఆ పొరల సందుల్లోకి వాన నీళ్లు దిగుతాయి, పెచ్చులు పెచ్చులుగా ఊడి రోడ్డు మీద పడతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు పడితే ఘాట్‌లో కొండచరియలు జారేది ఇందుకే. ఇప్పుడున్న రోడ్డును వెడల్పు చేయాలంటే కొండను ఇంకా లోపలికి కోయాలి. ఎంత కోస్తే అంత ఎత్తున పచ్చి గోడ లేస్తుంది, అంత ఎక్కువగా జారుతుంది. ఆ జారుడు ఆపడానికి కాంక్రీటు గోడలు, వలలు, మళ్లీ ఖర్చు. ఇంజనీర్ మిత్రులకు ఇది నాకన్నా బాగా తెలుసు. కానీ వెడల్పు అడిగేవాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పడం లేదు.

వెడల్పు చేస్తే ప్రమాదాలు తగ్గుతాయన్నది ఇంకో వాదన. మైదానం రోడ్డు మీద అది కొంతవరకు నిజం కావచ్చు. ఘాట్‌లో బండి అదుపు తప్పేది వేగానికి, దిగుడులో బ్రేకులు వేడెక్కిపోవడానికి, మలుపులో ముందు బండిని దాటబోవడానికి. రోడ్డు విశాలమైతే ఈ మూడూ పెరుగుతాయి. పైగా ఇక్కడ ఎదురుగా వచ్చేది లారీ ఒక్కటే కాదు. దుప్పుల మంద దాటుతుంది, పిల్లలతో ఎలుగుబంటి దాటుతుంది, అడవి పంది దాటుతుంది. ఉడుము, నక్షత్ర తాబేలు, కొండచిలువ లాంటివి ఎంత నెమ్మదిగా దాటుతాయో అందరం చూసిందే. రెండు వరుసలు దాటడానికి పట్టే సమయానికి నాలుగు వరుసలయితే రెట్టింపు పడుతుంది, ఆ సమయంలోనే బండ్ల వేగమూ పెరుగుతుంది. చెట్ల మీద బతికే పెద్ద అడవి ఉడత సంగతి ఎవరూ ఆలోచించరు. రోడ్డుకు రెండు వైపులా కొమ్మలు కలిసినంత కాలం అది నేల మీద కాలు పెట్టదు. కొమ్మలు తెగితే దిగి తీరాలి.

చట్టం కూడా దీన్ని తేలిక చేయలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం టైగర్ రిజర్వ్ భూమిని వేరే అవసరానికి మళ్లించాలంటే జాతీయ పులుల సంరక్షణ సంస్థ సలహా, జాతీయ వన్యప్రాణి బోర్డు ఆమోదం ఉండాలి. ఆ అనుమతుల కోసం సంవత్సరాలు గడిచిపోతే ఈలోపు 'వెడల్పు చేయబోతున్నాం కదా' అనే సాకుతో మామూలు మరమ్మతులు కూడా ఆగిపోతాయి. ఇది నా ఉద్యోగ జీవితంలో చాలా రోడ్ల విషయంలో చూశాను. పెద్ద పని వస్తుందని చెప్పి చిన్న పనిని చంపేస్తారు. చివరికి పెద్ద పనీ రాదు, రోడ్డూ ఉండదు.

కాబట్టి ఉన్న రోడ్డునే ఉన్న వెడల్పులో గట్టిగా నిలబెట్టడానికి ఏం చేయొచ్చో చెబుతాను.

అన్నిటికన్నా ముందు, రోడ్డు కింద నుంచి వాన నీళ్లు పోయే తూములు. ఘాట్‌లో చాలా చోట్ల పాత పైపు తూములు ఉంటాయి. కొండ మీద నుంచి వచ్చే రాళ్లు, ఆకులు, కొమ్మలు వాటికి అడ్డం పడి పూడిపోతాయి. నీళ్లు రోడ్డెక్కుతాయి. అంచు కోసుకుపోతుంది. తరువాతి వానకు సగం రోడ్డు లోయలోకి జారుతుంది. పూడిన ప్రతి పైపు తూమును మార్చేటప్పుడు బాక్స్ కల్వర్టు, అంటే పెట్టె ఆకారపు కాంక్రీటు తూము కట్టండి. మనిషి వంగకుండా నడవగలిగినంత ఎత్తు ఉండాలి. లోపల ఒక పక్క నీటి మట్టానికి పైన పొడిగా ఒక గట్టు వదలాలి. అటుచివర, ఇటుచివర నేల మట్టానికి కలిసేలా రాతి పరుపు వేయాలి, మెట్టులా తెగి ఉండకూడదు. ఇంతే తేడా. వాన కాలంలో నీళ్లు పోతాయి, మిగతా కాలమంతా ముళ్లపంది నుంచి చిరుత దాకా రోడ్డు కింద నుంచి పోతాయి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి మార్పులే చెబుతున్నాయి. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులో పెంచ్ దగ్గర జాతీయ రహదారి 44 కింద 9 చోట్ల జంతువుల కోసం దారులు కట్టారు. వాటి కింద నుంచి పులులు నడిచిపోవడం కెమెరాల్లో పడింది. అక్కడ నాలుగు వరుసల రోడ్డు తప్పలేదు కాబట్టి అంత పెద్ద నిర్మాణాలు అవసరమయ్యాయి. మనకు రెండు వరుసలే ఉంటే మామూలు వంతెన బడ్జెట్‌లోనే ఈ పని అయిపోతుంది.

తరువాత పిట్టగోడలు. లోయ వైపు మైళ్ల తరబడి ఖాళీ లేకుండా గోడ కట్టి, కొండ వైపు నిలువు కోత ఉంటే రోడ్డెక్కిన జంతువు బయటికి పోయే దారి లేక రోడ్డు మీదే పరుగెడుతుంది. పిల్ల జంతువులయితే మరీ. వాచర్లను అడిగితే దుప్పులు ఎక్కడ నీళ్లకు దిగుతాయో, పులి ఏ వంపు దగ్గర రోడ్డు దాటుతుందో వేలు పెట్టి చూపిస్తారు. అలాంటి చోట్ల గోడలో ఖాళీలు వదలండి. బండి పడకుండా ఆ ఖాళీలో రాతి దిమ్మెలు దూరదూరంగా పెడితే చాలు.

వేగం మీద మాత్రం గట్టిగా ఉండాలి. బోర్డులు పెడితే ఎవరూ చూడరు. స్పీడ్ బ్రేకర్లు ఘాట్ దిగుడులో అన్ని చోట్లా పెట్టలేం. దోర్నాల చెక్‌పోస్టులో ప్రతి బండికీ టైమ్ వేసిన చీటీ ఇవ్వండి, శిఖరం చెక్‌పోస్టులో చూడండి. గంటకు 40 కిలోమీటర్ల చొప్పున ఈ దూరానికి పట్టే సమయం లెక్క కట్టండి. అంతకన్నా ముందే చేరిన బండికి ఫైన్ వేయండి. కెమెరాలతో నంబరు ప్లేట్ చదివే పద్ధతి పెడితే చీటీ కూడా అక్కర్లేదు. నెల రోజులు పట్టుదలగా చేస్తే డ్రైవర్ల నోటి మాటే ఒంగోలు దాకా పాకుతుంది.

కోతుల విషయం కూడా రోడ్డు విషయమే. కార్లు ఆపి అరటిపళ్లు, బిస్కెట్లు విసిరేవాళ్ల వల్ల కోతులు రోడ్డు మీదికి వచ్చి కూర్చుంటున్నాయి. టైర్ల కింద పడుతున్నాయి. వాటి కోసం చిరుత రోడ్డు అంచుకు వస్తుంది. పుణ్యమని చేసే పని ప్రాణం తీస్తోందని యాత్రికులకు చెప్పేవాళ్లు కావాలి. దానికన్నా ముందు వాళ్లకు ఆగడానికి సరైన చోటు కావాలి. పిల్లలతో, ముసలివాళ్లతో వచ్చే కుటుంబం 50 కిలోమీటర్లు ఆగకుండా పోవాలంటే అయ్యే పని కాదు. రెండు మూడు చోట్ల, ఇప్పటికే చదునుగా ఉన్న జాగాల్లో, ఆగే స్థలాలు ఏర్పాటు చేయండి. మరుగుదొడ్డి, తాగునీళ్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక మనిషి ఉంటే చాలు. సెల్ సిగ్నల్ అందని చోట బండి చెడిపోయిన కుటుంబం పడే టెన్షన్ చిన్నది కాదు. తిండి అంగళ్లు మాత్రం అక్కడ వద్దు. అంగడి ఉంటే చెత్త ఉంటుంది, చెత్త ఉంటే కోతులు, కుక్కలు, పందులు చేరతాయి. ఈ స్థలాలు తప్ప ఇంకెక్కడ బండి ఆపినా ఊరుకోకండి.

రాత్రి గేటు పడ్డాక దోర్నాలలో చిక్కుకునేవాళ్లకు కూడా ఏదో ఒకటి చేయాలి. సమయం తెలియక వచ్చి గేటు దగ్గర గొడవ పడేవాళ్లు ఎక్కువ. మార్కాపురం, తోకపల్లి, యర్రగొండపాలెం, ఆత్మకూరు దగ్గరే పెద్ద బోర్డులు పెట్టి 'దోర్నాల గేటు రాత్రి 9కి మూస్తారు' అని రాస్తే సగం గొడవ తీరిపోతుంది. మిగతా సగానికి దోర్నాలలో శుభ్రమైన విశ్రాంతి షెడ్డు కావాలి. ఆ రాత్రి బస వల్ల మా ఊరికీ నాలుగు డబ్బులు వస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పై రోడ్డు గురించి అడిగేవాళ్లు లక్షల మంది ఉన్నారు. లోపలి దారుల గురించి అడిగే గొంతు లేదు.

అడవిని కాపాడేది బేస్ క్యాంపులు. అక్కడ ఉండే ప్రొటెక్షన్ వాచర్లలో చాలామంది చెంచులు. రోజూ నడుస్తారు, ఫోన్లో యాప్ పెట్టుకుని ఎక్కడ తిరిగిందీ, ఏం కనిపించిందీ నమోదు చేస్తారు. కెమెరాలు కడతారు, వేటగాళ్ల ఉచ్చులు ఏరేస్తారు, ఎండాకాలం జంతువులు తాగే సాసర్ పిట్లలో (లోతు తక్కువ తొట్లలో) నీళ్లు నింపుతారు, మంటలు లేస్తే కొమ్మలు పట్టుకుని పరుగెడతారు. వీళ్లకు బియ్యం, పప్పు, సోలార్ బ్యాటరీ, నీళ్ల ట్యాంకర్ చేరవలసిన దారి ఒక జీపు బాట. ఆ బాట మీద వాగు దగ్గర చప్టా కొట్టుకుపోతే ఆ సీజనంతా సామాను నెత్తి మీదే. పాము కరిచిన వాచర్‌ను మోసుకుని రావలసింది కూడా ఆ బాట మీదే. వానల్లో వేటగాడికి మాత్రం జీపు అక్కర్లేదు, వాడు నడిచే వస్తాడు. జీపు పోలేని నెలలే వాడికి పండగ.

ఈ బాటల్ని తారు రోడ్లు చేయమని అడగడం లేదు. దయచేసి చేయకండి కూడా. మెత్తటి దుమ్ము ఉన్న మట్టి బాట పులికి ఇష్టమైన నడక దారి. దాని పాదముద్ర దొరికేది ఆ దుమ్ములోనే, కెమెరాలు రెండు వైపులా కట్టేది ఆ బాటకే. తారు వేస్తే అడుగు కనిపించదు, బండి వేగం పెరుగుతుంది, కలప దొంగకు సుఖమవుతుంది. కావలసింది ఇంత. బాట మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉండి నీళ్లు పక్కలకు జారాలి. వాలులో బాట వెంట నీళ్లు పరుగెత్తకుండా అక్కడక్కడ అడ్డంగా రాతి మలుపులు కట్టి నీటిని అడవిలోకి తిప్పాలి. నిట్రంగా ఎక్కే చోట రెండు చక్రాలు పోయే మేర మాత్రమే కాంక్రీటు పట్టీలు వేయాలి, మధ్యలో గడ్డి అలాగే ఉండాలి. వాగుల్లో పైపులు పెట్టకుండా నీళ్లు మీది నుంచే పోయేలా గట్టి రాతి చప్టాలు కట్టాలి. ఇవి పాతకాలం పనులు, తక్కువ ఖర్చు పనులు. సిమెంటు కన్నా రాయి పేర్చే చెయ్యి ముఖ్యం.

సమయం గురించి ఒక మాట, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మట్టి పని నేల తడి ఆరక ముందే చేయాలి. నవంబరు నుంచి జనవరి దాకా నేలలో పదను ఉంటుంది, రోలర్ తిప్పితే గట్టిపడుతుంది. నిధులు మాత్రం ఆర్థిక సంవత్సరం చివర కదులుతాయి. మార్చిలో ఎండిన గ్రావెల్ తెచ్చి పరిచి, నీళ్లు చల్లకుండా, తొక్కించకుండా ఫొటో తీసి బిల్లు చేస్తే జూన్‌లో మొదటి వానకే వాగు పాలవుతుంది. అదే మార్చిలో అడవి ఎండి, మంటల కాలం ముదిరి ఉంటుంది, లారీలు, కూలీల బీడీలు అడవిలో తిరగకూడని కాలం అది. కాబట్టి లోపలి దారుల నిధుల్ని అక్టోబరుకల్లా డివిజన్‌లో ఉండేలా మార్చండి. ఈ ఒక్క మార్పుకు అదనంగా పైసా ఖర్చు లేదు.

గ్రావెల్ ఎక్కడి నుంచి తెస్తున్నారో కూడా చూడండి. బయటి మట్టితో పాటు వయ్యారిభామ, లాంటానా విత్తనాలు లోపలికి వస్తాయి. రోడ్డు పక్కన మొలిచిన లాంటానా ఏళ్లు గడిచేకొద్దీ గడ్డి మైదానం మీదికి పాకితే దుప్పులకు మేత ఉండదు.

రోడ్డు పక్కన మంటలు పాకకుండా వేసే మంట లైన్ల పని మాత్రం ఘాట్ రోడ్డుకూ, లోపలి బాటలకూ ఉమ్మడిది. శివరాత్రి ఫిబ్రవరిలోనో, మార్చిలోనో వస్తుంది. అప్పటికి బోద గడ్డి ఎండి నిలబడి ఉంటుంది. ఉగాదికి ఇంకా ఎండుతుంది. రోడ్డు మీద పోయేవాళ్లు పారేసే ఒక్క అగ్గిపుల్ల చాలు. జనవరిలోనే రెండు అంచుల గడ్డి కోసి, జాగ్రత్తగా కాల్చి, నల్లటి పట్టీ సిద్ధం చేయాలి. దీనికి కూలీలు కావాలి, అందుకే ఇంకో ప్రతిపాదన పెడుతున్నాను.

పూర్వం రోడ్లకు గ్యాంగ్ కూలీలు ఉండేవాళ్లు. ఒక మేస్త్రీ, కొందరు మనుషులు, వాళ్లకు కొన్ని మైళ్లు. వాన పడుతుండగానే పార పట్టుకుని తిరిగి, కాలువలో పడ్డ కొమ్మ తీసేసేవాళ్లు. తెగబోయే అంచుకు అక్కడికక్కడే రెండు తట్టల మట్టి వేసేవాళ్లు. ఆ పద్ధతి పోయి కాంట్రాక్టు వచ్చింది. కాంట్రాక్టరు రోడ్డు తెగాక వస్తాడు, గ్యాంగ్ తెగకముందు వచ్చేది. నల్లమలలో గ్యాంగ్ పద్ధతి తిరిగి తీసుకురండి. తుమ్మలబైలు, చింతల లాంటి గూడేల చెంచు యువకులకు ఈ పని ఇవ్వండి, ఏడాది పొడుగునా నెల జీతంతో. వాన కాలం కాలువలు, తూములు. చలికాలం మట్టి పని, రాతి చప్టాలు, మంట లైన్లు. ఎండాకాలం మంటలు ఆర్పడం, యాత్రికులు పారేసిన ప్లాస్టిక్ ఏరడం. అడవి ఎవరికి బాగా తెలుసో వాళ్ల చేతిలోనే పని ఉంటుంది. వలస పోకుండా ఇంటి దగ్గర కూలి దొరుకుతుంది. ఈ లేఖలో నేను అడిగినవన్నీ పక్కన పెట్టి ఒక్కటే చేస్తామంటే ఇదే చేయండి అంటాను.

గూడేల దారి విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు. పాలుట్ల లాంటి గూడెం నుంచి వాన కాలంలో గర్భిణిని యర్రగొండపాలెం ఆసుపత్రికి చేర్చాలంటే వాగులే అడ్డం. అటవీ హక్కుల చట్టం 2006 గ్రామసభ సిఫారసు మీద రోడ్డు, బడి, నీటి పైపు లాంటి వాటికి ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వడానికి వీలు కల్పించింది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం చెంచుల లాంటి ఆదిమ తెగల ఆవాసాలకు, 100 మందికి పైగా ఉన్నచోట, రోడ్డు వేయడానికి డబ్బు ఇస్తోంది. చట్టం ఉంది, డబ్బు ఉంది. అటవీ శాఖ, పంచాయతీరాజ్ శాఖ ఒకరి ఫైలు మీద ఒకరు ప్రశ్న రాసుకుంటూ కూర్చుంటే వాన కాలం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఆ రోడ్డు కూడా జీపు వెడల్పే చాలు. 108 బండి ఏ కాలంలోనైనా పోగలగాలి. గూడెం మొదట్లో గేటు ఉండాలి, తాళం గూడెం వాళ్ల దగ్గర ఉండాలి. చెంచుల కోసం వేసిన రోడ్డు రిసార్టుల కోసం తెరుచుకోకూడదు. పులికి, చెంచుకు మధ్య పోటీ ఉన్నట్టు మాట్లాడేవాళ్ల మాట నేను నమ్మను. ఈ రెండు జాతులూ ఈ అడవిలో కలిసి బతుకుతూ వచ్చాయి. వెడల్పు రోడ్డు వల్ల నష్టపోయేదీ ఈ ఇద్దరే.

ఇక చూడటానికి వచ్చేవాళ్లు. తుమ్మలబైలు జంగిల్ సఫారీకి, ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి జనం వస్తున్నారు. రావాలి కూడా. మార్కాపురంలో చదివే పిల్లలు తమ అడవిని చూడకపోతే రేపు దాని కోసం ఎవరు మాట్లాడతారు? అయితే సఫారీకి కొత్త బాటలు నరకవద్దు. జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు పర్యాటకాన్ని కోర్ అడవిలో, అంటే రిజర్వ్ నడిమి అడవిలో, 20 శాతానికి మించనివ్వవు. ఆ గీత దగ్గరికి కూడా పోవలసిన పని మనకు లేదు. ఉన్న బాటల్నే ఒకవైపుగా తిరిగి వచ్చే చుట్టుగా కలపండి. ఎదురెదురు జీపులు తప్పుకోవడానికి అడవి తొక్కే అవసరం ఉండదు, దుమ్ము తగ్గుతుంది. ఒక పూటకు ఇన్ని జీపులు అని గేటు దగ్గరే రాసి పెట్టండి. పులి కనిపిస్తుందని ఆశ పెట్టకండి. డ్రైవరుకు, గైడుకు చెట్టు పేరు, పిట్ట కూత, గుర్తుల చదువు నేర్పండి. పులి కనిపించకపోయినా నిండు మనసుతో తిరిగి వెళ్తారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూసే నియమాన్ని ఎవరి సిఫారసుకూ సడలించకండి. ఆ మూడు నెలలు బాటకు విశ్రాంతి, జంతువుకూ విశ్రాంతి. గుడికి పోయే జీపు బాటకు కూడా నిట్రమైన చోట్ల పైన చెప్పిన చక్రాల పట్టీలు వేస్తే నడుములు విరగవు, వాగు కోత ఆగుతుంది.

శివరాత్రి, ఉగాది లాంటి రోజులకు వేరే ఏర్పాటు కావాలి. ఏడాదిలో కొద్ది రోజుల రద్దీ కోసం రోడ్డును శాశ్వతంగా వెడల్పు చేయడం సరికాదు. ఆ రోజుల్లో సొంత కార్లను దోర్నాల బయట పొలాల్లో పార్కింగ్ చేయించి, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులు వరుసగా నడపండి. ఒక బస్సు పదికి పైగా కార్లను రోడ్డు మీద నుంచి తీసేస్తుంది. పొలం ఇచ్చిన రైతుకు అద్దె వస్తుంది. ముసలివాళ్లకు, వికలాంగులకు చిన్న బండ్ల మినహాయింపు ఇవ్వొచ్చు.

మా ప్రాంతానికి అభివృద్ధి వద్దా అని నన్ను చాలామంది అడుగుతారు. కావాలి. వెలిగొండ నీళ్ల కోసం ఈ పడమటి మండలాలు ఎంత కాలంగా ఎదురుచూస్తున్నాయో మీకు తెలుసు. కృష్ణ నీళ్లు తేవడానికి ఇదే అడవి కింద 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వారు. అవి మా దోర్నాల మండలం కొత్తూరు దగ్గర బయటికి వస్తాయి. పైన చెట్టు నరక్కుండా కింద నుంచి నీళ్లు తేవచ్చని ఆలోచించిన ఇంజనీర్లు మన దగ్గరే ఉన్నారు. రోడ్డు విషయంలో కూడా అంత ఓపికతో ఆలోచించమని అడుగుతున్నాను. మా పిల్లలకు నిజంగా పని ఇచ్చేది నాలుగు వరుసల మీద ఆగకుండా దూసుకుపోయే కార్లు కావు. దోర్నాలలో ఒక రాత్రి ఆగి, పొద్దున్నే చెంచు గైడుతో అడవి చూసి, మా ఊళ్లో భోంచేసి పోయే కుటుంబాలు.

మీ నుంచి ఇప్పుడు కోరేది ఇది. ఘాట్ రోడ్డు మీద ఏ ప్రతిపాదన ఉన్నా దాని మ్యాపు, వివరాలు తెలుగులో దోర్నాల, యర్రగొండపాలెం మండలాల గ్రామసభల ముందు పెట్టండి, టెండర్ కన్నా ముందే. వచ్చే వానల లోపు ఘాట్‌లోని ప్రతి తూమునూ ఒక ఇంజనీరు, ఒక ఫారెస్ట్ బీట్ ఆఫీసరు, ఒక చెంచు వాచరు కలిసి నడిచి చూసి, ఏది పూడింది, ఏది మార్చాలి, ఎక్కడ జంతువులు దాటుతున్నాయి అని ఒకే జాబితా రాయండి. బేస్ క్యాంపుల బాటల్లో తెగిన చప్టాల జాబితా మీ దగ్గర ఇప్పటికే ఉండి ఉంటుంది. దానికి అక్టోబరు బడ్జెట్‌లో చోటు ఇవ్వండి. గ్యాంగ్ పద్ధతిని ముందు ఒక్క రేంజ్‌లో ఒక్క ఏడాది నడిపి చూడండి, ఖర్చు కాంట్రాక్టుతో పోల్చి లెక్క తేల్చండి. ఆ నడకకు పిలిస్తే నేను వస్తాను. ఏ తూము ఎప్పుడు కట్టిందో, ఏ వంపులో నీళ్లు ఎటు పోతాయో నాకు గుర్తున్నంత చెబుతాను. నాలాగే రిటైరైన మేస్త్రీలు, రాతి పని తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, వాళ్లనూ పిలవండి.

ఇట్లు,
రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
పెద్దదోర్నాల మండలం, పశ్చిమ ప్రకాశం